ఆయన ఏమన్నారు?

ఆస్పత్రి నుంచి ఫోనొచ్చేసరికి ఇస్త్రీ అమ్మాయి వీధిలోనే ఉంది. తన ఇస్త్రీబండికి ఎదురింటి మేడమీది కిటికీ నుంచి తాడుతో దిగిన బుట్టలో అన్నంగిన్నె సర్దుతోంది.

ఆ మేడమీద పిన్ని ఒక్కతే ఉంది. జబ్బు ముందు బాబాయికి వచ్చింది, వెనకే ఆవిడకూ అంటుకుంది. ఆయనకు ఊపిరాడక ఆస్పత్రిలో చేర్చుకున్నారు. ఆవిణ్ణి గది దాటొద్దన్నారు. ఇస్త్రీ అమ్మాయికి వాళ్ళు సొంత పిన్నీ బాబాయీ కారు. పిలుపుతో కలిసిన చుట్టరికం. పిల్లల్లేరు. పిన్నికి నడివయసులో వచ్చిన జ్వరంతో చెవులు పూర్తిగా పోయాయి. చేతికి ఫోనిచ్చినా దండగే. అందుకే బాబాయి ఆస్పత్రిలో ఇస్త్రీ అమ్మాయి నంబరిచ్చాడు.

బాబాయి బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊరందరి మీదా అరిచిన గొంతు. ఆ గొంతు వినే బాధ తప్పిన అదృష్టవంతురాలు తన భార్య ఒక్కతేనని తనమీద తనే జోకు వేసుకునేవాడు.

పిన్ని ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టేసేది. మాస్కులొచ్చాక లోకం మొత్తం ఆవిడ ముందు నోరు మూసుకుంది. అప్పట్నుంచీ ఆ వీధివాళ్ళకు ఒక అలవాటైంది. ఆ ఇంటి ముందుకు రాగానే ఎడంగా నిలబడి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, ఏం కావాలని పైకి అడిగేవాళ్ళు. పాలాయనా అంతే, మందులషాపాయనా అంతే.

నర్సు చెప్పింది విన్నాక ఇస్త్రీ అమ్మాయి సర్దిన గిన్నెను మళ్ళీ బుట్టలోంచి తీసేసింది. బాబాయి పోయాడు.

ఆమె వాలకం చూసి పాలాయన సైకిలు ఆపాడు. మందులషాపాయన షాపు వదిలి వచ్చాడు. అక్కడే నిలబడి తలో మాటా అనుకున్నారు. పిన్నికి వినపడదు కాబట్టి ఎవరూ గొంతు తగ్గించలేదు. మందులషాపాయన డాక్టరుకు ఫోన్ చేశాడు. ఇప్పుడు చెబితే ఆవిడకు ముద్ద దిగదు, ముద్ద దిగకపోతే మనిషి దక్కదు, జబ్బు తగ్గేదాకా దాచమన్నాడు డాక్టరు. కట్టుకున్నవాడు పోయిన సంగతి భార్యకు చెప్పకపోతే పాపం కాదా అన్నాడు పాలాయన. ఆ పాపమేదో తన నెత్తిన వెయ్యమంది ఇస్త్రీ అమ్మాయి.

తలెత్తితే పిన్ని కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఫోనొచ్చిందా? ఏమన్నారే ఆయన?" తన గొంతు తనకే వినపడని మనిషి కదా, ఆ మాటలో హెచ్చుతగ్గులు లేవు.

"బాగానే ఉన్నాడు పిన్నీ. నిన్ను వేళకు తినమన్నాడు."

పిన్ని చాలాసేపు ఆమె నోటివంకే చూసింది. తింటానని చెప్పమని లోపలికి వెళ్ళిపోయింది.

అంత్యక్రియలకు ఎవర్నీ రానివ్వలేదు. ఆస్పత్రివాళ్ళే కానిచ్చేశారు. మర్నాడు సాయంత్రం ఇస్త్రీ అమ్మాయి పెట్టె పక్కన పెట్టి, కిటికీ కిందికొచ్చి, అవతల ఎవరూ లేని ఫోను చెవికి ఆనించుకుని "చెప్పు బాబాయీ" అంది.

ఇక రోజూ అదే పని. బాబాయి వార్డులో కూడా వెనక ఖాళీ ఉంది జరగమని అరుస్తున్నాడంది. సూది వెయ్యడానికొచ్చిన నర్సును టికెట్టు అడిగాడంది. పిన్ని నవ్వేది. నవ్విన పూట గిన్నె ఖాళీగా కిందికి దిగేది.

ఒకరోజు పిన్ని బీరువా తాళం ఎక్కడ పెట్టారో ఆయన్ని అడగమంది. ఇస్త్రీ అమ్మాయికి అది తెలియదు. ఫోను పట్టుకుని నీళ్ళు నమిలింది.

"మర్చిపోయానన్నారా? ఆయనంతే. నేనే వెతుక్కుంటాలే" అంది పిన్ని.

గండం గడిచింది. రాన్రాను నోరు అబద్ధానికి అలవాటుపడింది. బాబాయి బతికుండగా ఎన్నడూ అనని మాటలు కూడా ఆయన చేత అనిపించింది.

"నువ్వే కళ్ళలో మెదులుతున్నావట పిన్నీ. నిద్రపట్టడం లేదట."

"అంత మాట అన్నారా ఆయన?"

"అన్నాడు."

"మళ్ళీ చెప్పు."

చెప్పింది. ఊచకు నుదురు ఆనించి పిన్ని ఇంకోసారి చెప్పించుకుంది. ఆ పూట ఇస్త్రీ అమ్మాయి ఇంటికెళ్ళి, మడతపెట్టాల్సిన ఎవరివో దుప్పట్లలో మొహం దాచుకుని ఏడ్చింది.

చివరికి పిన్నికి జబ్బు తగ్గింది. పరీక్షలో ఏమీ లేదని తేలింది. ఇక దాచడానికి సాకు లేదు. తోడొస్తామన్న మగవాళ్ళిద్దరూ తీరా వచ్చాక కింది మెట్టు దగ్గరే ఆగిపోయారు. మీ ధైర్యం ఇంతవరకేనా అని విసుక్కుని ఆమె ఒక్కతే పైకెక్కింది.

పిన్ని మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. మనిషి సగమైంది. ఇస్త్రీ అమ్మాయి ఎదురుగా కూర్చుని మాస్కు తీసింది.

"నీకో మాట చెప్పాలి పిన్నీ."

"పాటా? నీకు పాటలెప్పుడొచ్చాయే?"

మాటకూ పాటకూ పెదాలు ఒకేలా కదులుతాయి. ఇంకెప్పుడైనా అయితే ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవాళ్ళు.

"మాట పిన్నీ. బాబాయి సంగతి" అంది ఇస్త్రీ అమ్మాయి. ఆపైన పెదాలు వణకడమే తప్ప ఒక్క అక్షరం కుదురుగా పలకలేదు.

పిన్ని దువ్వెన పక్కన పెట్టింది. కొంగుతో ఆమె మొహం తుడిచింది. గడ్డం పట్టుకుని ఆ మొహాన్ని వెలుతురు వైపు తిప్పుకుంది.

"ఆయన పోయారని ఆ రోజు నా కిటికీ కింద మీరంతా అనుకున్నది మీ నోళ్ళ మీదే చూశానే, ఇక ఆ పెదాలు వణకనీకుండా ఇవాళ ఆయన ఏమన్నారో చెప్పు."