గొందికి ఎవరి పేరు?

“చిన్న టర్బో పెట్టుకో ఒరీసియా, నా మాట విను,” అంటూ మంచుబండ్ల మెకానిక్ ఎమిల్ చేతిలోని పానా బల్ల మీద పెట్టాడు. “పెద్దదానికి ఊపిరి అందడానికి టైం పడుతుంది. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ నొక్కావంటే ఒకటి, రెండు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. ఆ తర్వాత తంతుంది చూడు, గుర్రం తన్నినట్టు! బయలు కొండ మీదైతే దానికి తిరుగులేదు. కానీ గొందిలో ఆ మలుపుందిగా? అక్కడ వదలక తప్పదు.”

“చిన్నది నీ మనవరాలి బండికి బిగించు,” అంది ఒరీసియా, షాపంతా వినపడేలా. “నాకు ఉన్నవాటిల్లో పెద్దది కావాలి.”

పక్కనున్న చెల్లెలు నాడియా అక్క చెయ్యి గిల్లింది. ఎందుకంటే ఇంజిన్‌లోకి గాలి కుక్కి బలం పెంచే ఆ టర్బోల్లో చిన్నదాని పెట్టె చంకలో పెట్టుకుని, నవ్వుతూ, లైల్ హ్యాగర్టీ అక్కడే ఉన్నాడు. ఆ నవ్వు చూస్తేనే నాడియాకి ఒళ్లు మండుతుంది.

రెవెల్‌స్టోక్ ఊరి వెనక కొండలో ఒక నిలువు గొంది ఉంది. ఏటా మార్చి మొదటి శనివారం మంచుబండ్లవాళ్లంతా అక్కడ చేరతారు. తలా ఒక్కసారే ఎక్కాలి. ఎవరి బండి గీత అందరికన్నా పైన పడితే, మళ్లీ మార్చిదాకా ఆ గొందికి వాళ్ల పేరే. ఐదేళ్లుగా అది లైల్ గొంది. పోయిన ఏడు ఒరీసియా గీత ముప్పై అడుగులు తక్కువైంది. ఒరీసియా ఉద్యోగమేమో మంచు దారులు చదును చేసే యంత్రం నడపడం. రోజూ రేడియోలో తను ఎక్కడుందో చెప్పాలి. “లైల్ గొంది కింద ఉన్నాను,” అని ఐదేళ్లుగా, పళ్లు నూరుకుంటూ, చెబుతూనే ఉంది. పాపం, పగవాడికి కూడా వద్దు ఆ శిక్ష!

“ఏంటి ఒరీసియా, అంత పెద్దదా?” అన్నాడు లైల్. “పట్టుకోగలవా?”

“నీలాంటివాళ్లకే చిన్నది చేశారు లైల్. జాగ్రత్తగా ఎక్కు, పడిపోతావు.”

షాపులో నలుగురూ గొల్లున నవ్వారు. లైల్ చెవులు ఎర్రబడ్డాయి. చంకలోని పెట్టె తీసి బల్ల మీద పెట్టేశాడు. “ఎమిల్! దానికిచ్చినదానికన్నా ఒక సైజు పెద్దది నాకు తెప్పించు.”

“ఆ మలుపు...” అని ఎమిల్ మొదలుపెట్టాడు.

“అది ఎక్కగా లేంది నేనెక్కలేనా?”

దారిలో నాడియా ఏడుపొకటే తక్కువ. “అక్కా, ఎమిల్ ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాడే! ఆయన మాట వింటే నీ సొమ్మేం పోయింది?”

“నోరు మూసుకుని కూర్చో,” అంది ఒరీసియా.

అక్కడినుంచి మూడు వారాలు ఒరీసియా షెడ్డు తలుపు గడియ తీయలేదు. లోపలినుంచి మరలు విప్పుతున్న చప్పుడు తప్ప ఇంకోటి లేదు. నాడియా తలుపు తడితే, “పో అవతలికి! నీ నోట్లో నువ్వుగింజ నానదు. టర్బోకి ఎంత గాలి ఒత్తిడి పెట్టానో ఊరంతా చాటింపు వేస్తావు,” అని కసిరేది. అందులో అబద్ధం ఏముంది! అక్క ఎంత పెద్ద టర్బో కొన్నదో నాడియా అప్పటికే బేకరీలో, లాండ్రీలో, చర్చి మెట్ల మీద చెప్పేసింది. పైగా అక్క తిండి మానేసింది. ఉల్లిపాయలు వేయించి, వెన్న పోసిన పిరోగీ కుడుములు ముందు పెడితే ప్లేటు వెనక్కి తోసేసేది. పంతానికి పోయి దిగులు పెట్టుకుందని నాడియా లోలోపల కుమిలిపోయింది.

శనివారం రానే వచ్చింది. పాత విజేతే ముందు ఎక్కాలి. లైల్ బండి, టర్బో ఈల వేస్తుంటే, లేచింది. అబ్బో, ఆ ఈలకి కొండలు మారుమోగాయి! మలుపు దగ్గర లైల్ యాక్సిలరేటర్ మీది బొటనవేలు వదిలాడు, తిరిగాడు, నొక్కాడు. ఒకటి. రెండు. అప్పుడు తన్నింది గుర్రం. బండి కింది బెల్టు గిర్రున తిరిగి మంచులో గొయ్యి తవ్వుకుంది, బండి సీటు దాకా దిగబడిపోయింది. ముగ్గురు మగాళ్లు తాళ్లు కట్టి, రొప్పుతూ రోజుతూ దాన్ని బయటికి లాగారు.

తర్వాత ఒరీసియా. నాడియా కళ్లకి చేతులు అడ్డం పెట్టుకుని, వేళ్ల సందుల్లోంచి చూసింది. బండి మలుపుకి చేరింది. అక్క వేలు వదిలింది, మళ్లీ నొక్కింది, అంతే! ఒకటి అనుకునే లోపే బండి ఈకలా తేలిగ్గా దూకింది. లైల్ గొయ్యి దాటింది. పోయిన ఏటి లైల్ గీత ఎత్తూ దాటింది. ఎవరూ ముట్టని రెండు ఫిర్ చెట్ల మధ్యనుంచి తిరిగి, పొగలా మంచు లేపుకుంటూ కిందికి దిగింది. అక్క బండి ఈల మాత్రం నాడియాకి వినపడనే లేదు. జనం కేకలు అలా ఉన్నాయి మరి. ఆ తర్వాత ఎక్కినవాళ్లెవరూ ఆ గీత దరిదాపులకి రాలేదు.

“ఒరీసియా గొంది!” అని మంచుబండ్ల క్లబ్బు పెద్దావిడ రేడియోలో అరిచింది. “అందరూ విన్నారా? ఇవాళ్టినుంచి ఒరీసియా గొంది!” నాడియా అక్క మెడకి వేలాడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఒరీసియా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. రేడియో లాక్కుని, “ఒరీసియా గొంది కింద ఉన్నాను,” అని మూడుసార్లు చెప్పింది, తనివి తీరక.

లైల్ మంచు దులుపుకుంటూ వచ్చాడు. మొహం మాడిపోయినా చెయ్యి చాపాడు. “ఒప్పుకున్నానులే. ఒక్క మాట చెప్పు, ఎంత ఒత్తిడి పెట్టావ్?”

“సరిపడా,” అంది ఒరీసియా.

“అదేం చెబుతుందిలే, నేను చూపిస్తా రా!” అంటూ నాడియా లైల్ చెయ్యి పట్టి బండి దగ్గరికి ఈడ్చుకెళ్లింది. ఒరీసియా “వద్దే! వద్దే!” అంటున్నా వినకుండా, గర్వంగా పక్క మూత పీకేసింది. “కళ్లు పెట్టి చూడు. పెద్ద టర్బో అంటే ఇదీ!”

లోపల టర్బోయే లేదు.