పాపకు ఏమిష్టం?

“మీ పాప రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతుందండీ?” నర్సమ్మ రెండోసారి అడిగింది.

వడ్రంగి నోటుపుస్తకం మీద నుంచి తలెత్తాడు. చెవి మీద పెన్సిలు, జుట్టులో రంపంపొట్టు. “తెలియదమ్మా,” అన్నాడు.

వెనక వరసలో కవలల తల్లి కిసుక్కున నవ్వింది.

ఆరోగ్యకేంద్రం మేడమీది గదిలో శనివారం శనివారం తల్లిదండ్రుల కోసం నడిచే తరగతి అది. పేరుకే తల్లిదండ్రులు. పద్నాలుగు మంది తల్లులు, ఒకే ఒక్క తండ్రి. మొదటిరోజు అతను వచ్చి ముందు వరసలో కూర్చుంటే నర్సమ్మ ముచ్చటపడింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో పిల్లల తిండీ నిద్రా గురించి తనంతట తాను నేర్చుకోవడానికి వచ్చిన మగవాళ్లను ఆమె వేళ్ల మీద లెక్కపెట్టగలదు. నాలుగో వారానికి ఆ ముచ్చట కాస్తా ఆవిరైపోయింది.

“పోనీ, పాలు తాగుతుందా? గుడ్డు తింటుందా?”

“కనుక్కోవాలమ్మా.”

“బరువెంతో అదైనా తెలుసా?”

“పందొమ్మిది కిలోలు. కాగితంలో రాసుంది.”

“ఏడేళ్ల పిల్ల బరువు కాగితం చూసి చెబుతున్నారన్నమాట. మరి టీకాలు?”

“అన్నీ వేయించామనే చెప్పారమ్మా.”

ఎవరు చెప్పారని నర్సమ్మ అడగలేదు. ఇంకెవరు, ఇంట్లో ఆవిడే అయ్యుంటుంది. పెళ్లాన్ని మన్నించి మాట్లాడే మర్యాద ఉంది గానీ, కన్నబిడ్డ కంచంలో ఏముందో చూసే తీరిక లేదు ఈ మనిషికి.

“ఒకే కప్పు కింద ఉంటూ ఇంత తెలియకపోతే ఎలాగండీ?”

“అది కాదమ్మా, మా పాప…”

“ఏదీ కాదు. ముందు రాసుకోండి.”

అతను తల వంచి రాసుకున్నాడు. విచిత్రం అదే. ఏమీ తెలియని ఆ మనిషి ఒక్క ముక్క వదలకుండా రాసుకునేవాడు. పీడకల వస్తే పిల్లను లేపాలా, ఊరికే పక్కన కూర్చోవాలా అని అడిగేవాడు. చిక్కుపడ్డ జుట్టు నొప్పి పుట్టకుండా ఎలా దువ్వాలో అడిగితే, తరగతికొచ్చే తల్లుల్లో బేకరీ నడిపే ఆవిడ జాలిపడి తన జడే విప్పి చూపించింది. గోళ్లు తీసేటప్పుడు కదలకుండా ఉండాలంటే ఏం చెయ్యాలన్నాడు. “కథ చెప్పాలి,” అంది కవలల తల్లి. అదీ రాసుకున్నాడు.

ఐదో వారం తరగతి అయ్యాక అందరూ మెట్లు దిగి వెళ్లిపోయినా అతను కదల్లేదు.

“ఒక మాట అడగనా అమ్మా? పిల్ల మనల్ని చూసి భయపడితే ఏం చెయ్యాలి?”

“ఎవరు, మీ పాపేనా?”

“అవునమ్మా. నన్ను చూస్తే తలుపు చాటుకు పోతుంది. చెయ్యి చాపితే భుజాలు ముడుచుకుంటుంది.”

చెయ్యి చూసి ముడుచుకుపోయే పిల్లలు నర్సమ్మకు తెలుసు. అలాంటి ఒక పిల్లవాడి విషయంలో ఆమె వారం రోజులు ఆలస్యం చేసింది. ఆ వారం ఇప్పటికీ ఆమెను పట్టి పీడిస్తూనే ఉంది.

“దగ్గరికి లాక్కోకండి,” అంది. “కాస్త దూరంగా నేల మీద కూర్చోండి. తనే వచ్చేదాకా ఆగండి.” ఆపైన ఉండబట్టలేక అడిగేసింది. “మీరెప్పుడైనా ఆ పిల్ల మీద చెయ్యి చేసుకున్నారా?”

అతను కాయలు కాచిన తన అరచేతుల వంక చూసుకున్నాడు. “నేనా… లేదమ్మా.” గొంతు జీరపోయింది.

తప్పు చేసినవాడి గొంతు అలాగే ఉంటుందనుకుంది నర్సమ్మ.

మర్నాడు ఆదివారం. రిజిస్టరులోంచి చిరునామా రాసుకుని, చెప్పాపెట్టకుండా వాళ్లింటి తలుపు తట్టింది. పిల్ల ఒంటి మీద చిన్న మచ్చ కనబడినా సరే, అక్కణ్ణుంచి నేరుగా పోలీస్‌స్టేషన్‌కే వెళ్లాలని తీర్మానించుకుంది.

తలుపు తీసిన ఆవిడ కళ్లు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి. నర్సమ్మ తనెవరో చెప్పింది. “నర్సమ్మగారా? రండి, రండి. ఈయనకు నిద్రలో కూడా మీ కలవరింతే,” అంది.

లోపల వడ్రంగి మోకాళ్ల మీద కూర్చుని బల్ల అంచులకు గరుకు కాగితం రుద్దుతున్నాడు. ఆమెను చూసి గబుక్కున లేచాడు. “మూలలు నున్నగా చేస్తున్నానమ్మా. పరిగెత్తేటప్పుడు తగిలితే కష్టం.”

నర్సమ్మ పక్కగదిలోకి నడిచింది. ఇద్దరూ ఆమె వెంట వచ్చారు. చిన్న మంచం, మడత నలగని దుప్పటి. కిటికీ ఊచకు మూడు పాయల తాడు కట్టి ఉంది. సగం దాకా జడలా అల్లి, విప్పి, మళ్లీ అల్లిన తాడు. గోడ మీద పెన్సిలుతో రాసిన కాగితాలు. నిద్ర పది గంటలు. గోళ్లకు కథ. భయపడితే నేల మీద కూర్చోవాలి, తనే వచ్చేదాకా ఆగాలి.

తను చెప్పిన మాటలే. నర్సమ్మకు ఏమనుకోవాలో తోచలేదు. అంతలో మంచం కింద మూడు జతల చెప్పులు కనిపించాయి, ఒకదానికంటే ఒకటి కాస్త పెద్దవి.

“ముగ్గురు పిల్లలా మీకు?”

“ఒక్కతేనండీ,” అంది ఆవిడ. “ఏ జత సరిపోతుందో తెలియక మూడూ తెచ్చారు ఈయన.”

అణిగిన కోపం మళ్లీ భగ్గుమంది. “ఇద్దరూ ఇద్దరే. కన్నపిల్ల కాలి కొలత కూడా తెలియదా మీకు? వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, ఇంట్లో పిల్ల అలికిడే లేదు. ఎక్కడ దాచారు? పిలవండి. నేనిప్పుడే చూడాలి.”

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వడ్రంగి చేతిలోని గరుకు కాగితం కిటికీలో పెట్టి, అరచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

“పాపను రేపు పదింటికి అనాథాశ్రమం నుంచి తెచ్చుకుంటున్నామమ్మా.”