మాదిరి పాఠం

"వరదమ్మా, ముందు లేచి ఈడంతా చిమ్ము," అన్నాడు చెంగల్రాయుడు బల్ల ముందు నిలబడి.

వడమాలపేట యువజన సంఘంలో రాత్రిబడి పంతుళ్ళ శిక్షణకు అది ఆఖరి రోజు. నేర్చుకున్నవాళ్ళు ఒక్కొక్కరూ ఒక మాదిరి పాఠం చెప్పి చూపించాలి. చెంగల్రాయుడు ఎంచుకున్న పాఠం 'ఆడా మగా సమానమే'.

శిక్షణ ఇస్తున్న తులసీరాంకు ఒళ్ళు మండింది.

"థూ! సిగ్గుండాదా నీకు? ఆ పిల్ల గూడా నీ మాదిరే పంతులమ్మ కావాలని వచ్చింది గదప్పా! చీపురు పట్టేదానికా వచ్చింది?"

చెంగల్రాయుడు బిత్తరపోయాడు. "నేనేం తప్పు చేసినాను సార్? మీరు దినామూ ఇట్లనే గదా మొదలుపెట్టింది! పాఠంలో అదీ ఒగటేమో అనుకుంటి."

ఎవరూ నవ్వలేదు. పైకి ఊసింది తన మొహానే పడ్డట్టయింది తులసీరాంకు.

వరదమ్మ అప్పటికే గది మూల నుంచి చిమ్ముకుంటూ వస్తోంది.

"చాల్లేమ్మా, ఆడ పెట్టెయ్ చీపురు," అన్నాడు తులసీరాం.

"అయిపాయ సార్. మీ కుర్చీ కిందే మిగిలుండాది. రవంత కాళ్ళెత్తండి."

రోజూ ఎత్తినట్టే, ఆయన కాళ్ళు వాటంతటవే పైకి లేచాయి.