ఒక్కరికే కనిపించే కవిత

“ఏదమ్మా, నీ ఫోనులో తెరిచి చూపించు” అన్నారు ఇంజనీరుగారు.

నీటి సరఫరా ఆఫీసులో వెబ్‌సైటు చూసుకునే అమ్మాయి చేతిలో ఫోను చప్పున వెనక్కి లాక్కుంది. ఆయన చూపించమన్నది కవితని. సోమవారం సోమవారం ఆయన ఒక కొత్త కవిత ఇస్తారు. అది వెబ్‌సైటులో ప్రతి పేజీకీ నెత్తిన కనబడాలని ఆజ్ఞ. ఈ రోజుతో ఆయన ఉద్యోగ విరమణ. ఆమె ఉద్యోగాన్ని మరో ఏడాది పొడిగించే కాగితం ఇంకా సంతకం పడకుండా ఆయన మోచేతి కింద ఉంది.

ఫోనులో ఛార్జింగు లేదంది. ఆయన సొరుగులోంచి ఛార్జరు తీసి బల్ల మీద పెట్టారు. ఈ గదిలో సిగ్నలు అందదంది. కిటికీ పక్కన బాగా అందుతుందని కుర్చీ కూడా అటు జరిపారు.

“చిన్న తెర మీద పాదాలు విరిగిపోతాయి సార్. మీ కంప్యూటర్లో అయితేనే అందం.”

“నా కంప్యూటర్లో రోజూ చూస్తూనే ఉన్నాను కదమ్మా. ఊళ్లోవాళ్లకి ఎలా కనిపిస్తోందో చూద్దామని.”

ఊళ్లోవాళ్లకి అది కనిపించదు. వచ్చిన చిక్కల్లా అదే.

వెబ్‌సైటులో పేజీలు ఎన్నున్నా పైభాగం మాత్రం ఒకే ఒక్క ఫైలు. ‘ఆ ఫైలు తెచ్చి ఇక్కడ పెట్టు’ అని ప్రతి పేజీ మొదట్లోనూ ఒక్క ముక్క రాసి ఉంటుంది. ఎవరైనా పేజీ అడగ్గానే సర్వరు ఆ ఫైలు తెచ్చి పేజీకి అతికించి పంపుతుంది. అందుకని కవితని ఒక్కచోట పెడితే చాలు, వెబ్‌సైటంతా పరుచుకునేది. మొదటి కవిత కుళాయి మీద. ‘తిప్పితే అలుగుతావు, కట్టేస్తే కారుతావు’ అని మొదలై ఎంతకీ తెగదు. అది దాటుకుని కిందికి వెళ్తే గాని ఏ వీధికి నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు. ఆ రోజు ఒకావిడ ఫోను చేసి, బిందె పట్టుకుని నిలబడ్డ మనిషికి కవిత్వం వినిపిస్తారా అని దులిపేసింది.

ఉపాయం చెప్పింది పక్క బల్ల టైపిస్టు. కవితని ఆయన చూసుకుంటే చాలు కదే, ఊళ్లోవాళ్లకెందుకు అంది. పేజీ అడిగింది ఏ కంప్యూటరో, దాని నెంబరు సర్వరుకి తెలుస్తుంది. కాబట్టి ఈ అమ్మాయి పైభాగం ఫైలులో ఒక షరతు రాసింది. అడిగినది ఇంజనీరుగారి కంప్యూటరైతే కవిత పెట్టు, ఇంకెవరిదైనా అయితే వదిలెయ్. అప్పట్నుంచి ఆయన తెర మీద కవిత, ఊరి తెరల మీద నీళ్ల వేళలు. ఇద్దరికీ ఏ లోటూ లేదు. టైపిస్టు మాత్రం సోమవారం రాగానే, ఏమే, ఈ వారం కుళాయి అలిగిందా నవ్విందా అని అడిగి పకపకా నవ్వేది.

ఇప్పుడా నవ్వంతా ఈ అమ్మాయి మెడకి చుట్టుకుంది. అద్దం తలుపు అవతలినుంచి టైపిస్టు, ఏమైందని కనుబొమ్మలతో అడుగుతోంది. ఇంజనీరుగారు మాత్రం తొందరేమీ లేనట్టు కూర్చున్నారు.

ఇక దాచి లాభం లేదనుకుంది. ఫోను తెరిచి ఆయన ముందు పెట్టింది. వీధుల పేర్లు, నీళ్ల వేళలు, మరమ్మతులకి ఫోను నెంబరు. అంతే.

“కవిత మీ కంప్యూటరుకి ఒక్కదానికే వస్తుంది సార్. నేనే అలా రాశాను. జనం నీళ్ల వేళలు దొరక్క తిడుతున్నారు. మీతో చెప్పడానికి నోరు రాలేదు.”

ఆయన ఫోను చేతిలోకి తీసుకుని పైనుంచి కిందిదాకా ఓపిగ్గా చూశారు. తర్వాత మోచేతి కింది కాగితం ముందుకి లాక్కున్నారు. అడ్డంగా గీత కొట్టేస్తారనుకుని ఆమె తల వంచుకుంది. కలం గరగరమంది. తలెత్తి చూస్తే సంతకం.

సంతకం పెట్టిన చేత్తోనే ఆయన ఒక చీటీ మీద ఏవో అంకెలు రాసి ఆమె వైపు తోశారు.

“ఇది మా ఇంటి కంప్యూటరు నెంబరు. సోమవారం నుంచి కవిత దీనికి రానీ. ఇక్కడి కంప్యూటరుకి ఆపేయ్, కొత్తగా వచ్చేవాడు జడుసుకుంటాడు.”

ఆమె చీటీ అందుకుంది.

“అంటే మీకు ముందే తెలుసా సార్?”

“మొదట్లోనే తెలుసు. ఇవాళ నీ నోట విందామనే ఫోను తెరవమన్నాను. మందుల షాపాయన ఫోనులో చూశాను. నీళ్ల వేళలు ఇంత స్పష్టంగా ఉన్నాయి. నువ్వు చేసిందే సబబనిపించింది.”

“మరి ఒక్క మాటైనా అనలేదేం సార్? ఎవరూ చదవరని తెలిసీ వారం వారం తెచ్చిచ్చారు.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

“ఇన్నాళ్లూ నా తెరని ఫోటో తీసి ఇంటికి పట్టుకెళ్లి, ఊరంతా చదువుతోందని చెబితే సరిపోయింది. ఇక ఇంట్లోనే ఉంటాను కదా, కంప్యూటర్లోనే చూపించమంటోంది.”

“ఎవరు సార్?”

“రాసేది నేననుకున్నావా అమ్మా? మా ఆవిడ.”