మూడో రెక్క

"బయటికి గీత గూడ పడలే, లోపల ఎట్ల ఇరుగుతది?" జగపతి సంధ్యను అడిగాడు, చూపు మాత్రం అండాలు వైపు ఉంది.

బచ్చన్నపేట రైతు సంఘానికి పత్తికి మందు కొట్టే డ్రోన్ వచ్చి నాలుగు రోజులైంది. నడపాల్సింది అండాలు. హైదరాబాదులో పదిహేను రోజులు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. సంఘం అధ్యక్షుడు జగపతికి మాత్రం ఆ పని తన కోడలు లతకు ఇప్పించాలని ఉంది. డ్రోన్ ఇంకా గాలిలోకి లేవనే లేదు, కంపెనీ నుంచి తనిఖీకి వచ్చిన సంధ్య, మోటారును మోసే మూడో రెక్క పాడైందని తేల్చింది.

రెక్క రెండు కొసలకూ మీటరు క్లిప్పులు తగిలించి ఆమె ఓపికగా చెప్పింది. ఈ నల్ల గొట్టం నిండా కార్బన్ పోగులు, కరెంటు వాటి వెంబడే పోతుంది. పోగులు తెగితే దారి తగ్గి నిరోధం పెరుగుతుంది. మిగిలిన మూడు రెక్కలకూ పదకొండు చూపిన మీటరు దీనికి పద్దెనిమిది చూపిస్తోంది. ఇలాగే లేపితే పొలంలో ఎవరి నెత్తినో పడుతుంది.

"ఏదో గట్టి దెబ్బే తగిలింది," అంది.

"ఇంకేముంది, పడేసింది," అన్నాడు జగపతి. తన మూడు ట్రాక్టర్లకూ తన చేత్తోనే పూజ చేశాడట, ఇన్నేళ్లలో ఒక్కదానికీ సొట్ట పడలేదట. దీనికీ మొదటిరోజు ఒక్క దెబ్బకే కొబ్బరికాయ కొడితే ఊరంతా చప్పట్లు కొట్టింది. దేవుడి వైపు లోటు లేదు కనుక తప్పు మనిషిదే అయి తీరాలి. ఆయన లెక్క ఎప్పుడూ అంత సూటిగా ఉంటుంది.

"పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్న అన్నా. నేలకు సుత తాకనియ్యలే," అంది అండాలు.

"మరి మీటరు అబద్ధమాడుతదా?"

ఇకనుంచి డ్రోన్ లత నడుపుతుందని తీర్మానం రాశారు. అండాలు దాని కింద సంతకం పెట్టింది.

సంధ్య కొత్త రెక్క బిగించి మళ్లీ క్లిప్పులు తగిలించింది. పదకొండు. జగపతి మొహం విచ్చుకుంది. కొత్త సామానుకు పూజ లేకుండా ఎలాగని లత చేత పసుపు కుంకుమ పెట్టించి, తనే ఊదుబత్తి తిప్పి, కాయకు పీచు తీశాడు. సంధ్య ఇంకా క్లిప్పులు తీయనే లేదు.

"ట్రాక్టరుకైతే బంపరు మీద కొడ్తం. దీనికి బంపరేది?" అంటూ, మొదటిరోజులాగే ఒక్క దెబ్బకు, కాయను మూడో రెక్క మీద పగలగొట్టాడు.

మీటరు పద్దెనిమిది చూపించింది.