తేదీ చీటీల కోడలు

"పచ్చడి గిన్నె మీద చీటీ ఎవరు పీకారు?" ఫ్రిజ్ తలుపు పట్టుకుని అడిగింది రెబ్కా.

"నేనే పీకాను," అంది అత్త దీనమ్మ. "శుక్రవారం, పొద్దున ఎనిమిది అని రాసిపెట్టావు. అది పచ్చడా, మందు సీసానా?"

"ఎప్పటిదో తెలియాలి కదత్తయ్యా."

"నిన్నటిదేనే తల్లీ! నిక్షేపంలా ఉంది."

"నిన్నటి గిన్నెలు రెండున్నాయి, మొన్నటిది ఒకటుంది. ఇప్పుడు ఏది ఏదో?" అంటూ మూడూ చెత్తతొట్టిలో బోర్లించింది రెబ్కా.

దీనమ్మ నెత్తిన చేతులు పెట్టుకుంది. ఇంతలో ఫోన్ అలారం మోగింది. రెబ్కా పరుగున వెళ్లి పాల కింద మంట ఆపింది.

"చూశావురా ఫిలిప్? పాలకి కూడా గంట!"

ఫిలిప్ నవ్వాడు. "కరోనా పోయినా దానితో పట్టుకున్న చాదస్తం నీ కోడల్ని వదల్లేదమ్మా."

రెబ్కా గడియారం చూసింది. పది గంటలకి ఆమెకి పరీక్ష ఉంది. మార్టూరు దాటాక హైవే పక్కన కొత్తగా లారీలకి ద్రవ గ్యాసు నింపే ఎల్ఎన్‌జీ బంకు కట్టారు. ఫిలిప్ నడిపే గ్రానైట్ లారీల ఓనరు కూడా డీజిలు బళ్లు అమ్మేసి ఆ గ్యాసు బళ్లు కొన్నాడు. బంకులో లీకులు కనిపెట్టి, భద్రత చూసే ఉద్యోగం ఒకటుంది. రెబ్కా కెమిస్ట్రీ డిగ్రీ పదేళ్లుగా ట్రంకుపెట్టెలోనే ఉంది.

"ఈ ఒక్కసారికే," గుమ్మంలో కూర్చున్న మామ యేసుపాదం గుర్తుచేశాడు. "రాకపోతే మళ్లీ ఉద్యోగం మాట ఎత్తనన్నావు."

"ఎత్తను మామయ్యా."

"అయినా అన్నీ కరెంటు బళ్లు వస్తాయంటుంటే, ఆ గ్యాసు బంకు ఎన్నాళ్లుంటుంది?"

"ముప్పై టన్నుల బండరాయిని చెన్నై దాకా లాగే కరెంటు లారీ మనూరికి వచ్చేదాకా ఉంటుంది. అది వచ్చాక ఆ పని నేర్చుకుంటా."

యేసుపాదం తలపాగా సర్దుకున్నాడు.

* * *

బంకులో పరీక్షకి అయిదుగురు వచ్చారు. నలుగురూ మగవాళ్లే. అందరిలోకి ధీమాగా ఉన్నది ఆదాం. వంటగ్యాసు ఏజెన్సీలో పన్నెండేళ్లు పనిచేశాడు.

"నా ముక్కే మీటరమ్మా," అన్నాడు రెబ్కాతో. "వీధి చివర సిలిండరు కారినా ఇక్కడ చెబుతా."

ఇంజినీరు మొహిద్దీన్ బాషా గంటసేపు పాఠం చెప్పాడు. "ఈ గ్యాసు కాలితే డీజిలంత పొగ ఉండదు. కాలకుండా గాల్లో కలిస్తే మాత్రం మనం చేసే మేలంతా వృథా. ఇక్కడ ఇరవై పైపు కీళ్లున్నాయి. ఎక్కడో సన్నగా లీకు పెట్టాను. పట్టండి." ప్రతి ఒక్కరి చేతికీ చిన్న మీటరు ఇచ్చాడు.

ఆదాం మీటరు జేబులో దోపి, కీలు కీలుకీ ముక్కు ఆనించి వచ్చాడు. "ఎక్కడా లేదు సార్. పందెం!"

మిగతా ముగ్గురూ మీటరు ఇలా ఊపి, అలా గాలి పీల్చి, లేదనే చెప్పారు.

రెబ్కా వంతు వచ్చింది. ఒక్కో కీలు చుట్టూ మీటరు నిదానంగా తిప్పి, అంకె చూసి, కాగితం మీద టైముతో సహా రాసుకుంది.

"పచ్చళ్లకి చీటీలు అంటిస్తున్నట్టుందే!" ఆదాం పకపక నవ్వాడు.

పదిహేడో కీలు దగ్గర మీటరు కీచుమంది.

బాషా ఆదాం వైపు తిరిగాడు. "ఇంటి సిలిండర్లో వాసన మనం కలిపితే వచ్చింది. దీనికి ఏ వాసనా ఉండదని పాఠంలో రెండుసార్లు చెప్పాను. అయినా మీ ముక్కులు ఊరుకోలేదు." తర్వాత రెబ్కాని అడిగాడు. "మీరొక్కరే వాసన చూడలేదేమ్మా?"

"నాకా అలవాటు లేదు సార్."

ఆదాం నవ్వు ఆపి, జేబులోంచి మీటరు తీసి ఆమెకి సెల్యూట్ కొట్టాడు.

* * *

ఆదివారం చర్చి నుంచి రాగానే రెబ్కా కొత్తపట్నం చేపలు కొంది. మొప్పలెత్తి, కళ్లు చూసి, నొక్కి మరీ ఎంచింది. మధ్యాహ్నం నలుగురూ ప్రార్థన చేసుకుని కంచాల ముందు కూర్చున్నారు.

"పులుసు ఘుమఘుమలాడుతోంది రెబ్కా!" అన్నాడు ఫిలిప్.

"అవునా? ఉప్పు చూడండి," అంది ఆమె సంబరంగా.

యేసుపాదం గొంతు సవరించుకున్నాడు. "అందరూ వినండి. రేపట్నుంచి రెబ్కా డ్యూటీకి వెళ్తుంది. పొద్దుటి వంట నాదీ, మీ అమ్మదీ. ఇది నా నిర్ణయం."

ఫిలిప్ కంచం మీద దరువేశాడు. దీనమ్మ కోడలి కంచంలో పెద్ద ముక్క వేసింది. "అయితే నాకో పెన్ను కొనండి. ఇకనుంచి చీటీలు నేనే రాస్తా. అంత అనుభవమున్న ముక్కుల్ని ఓడించింది నా కోడలి చాదస్తం!"

రెబ్కా నవ్వుతూ తల వంచి, ఆవిరి చిమ్మే పులుసు మీద కళ్లు మూసుకుని గట్టిగా గాలి పీల్చింది.

కరోనా వచ్చిపోయిన నాటి నుంచి ఆమెకి ఏ వాసనా తెలియదు.