బజారులో అత్తగారు తిట్టలేదు

వెనకవాడు మళ్ళీ హారన్ కొట్టాడు.

అద్దంలో తెల్లకారు వ్యానుకి అతుక్కుపోయినట్టే కనిపిస్తోంది. నడిపేది కొత్తవాళ్ళని తెలిసేలా వ్యాను వెనక అద్దం మీద చేటంత ఎర్ర అక్షరం అంటించి ఉంది. అది చూసి జనం కాస్త ఎడంగా ఉంటారని కోడలు మొదట్లో అనుకుంది. అది చూశాకే మరీ మీదికొస్తారని తర్వాత తెలిసింది.

"పట్టించుకోకు. రెండో గేరు వెయ్యి," అంది పక్క సీట్లోంచి అత్తగారు, మెత్తగా.

ఆ మెత్తదనానికే కోడలు హడలిపోయింది.

అత్తగారు ఇరవై ఏళ్ళు ఇదే వ్యానులో బడిపిల్లల్ని తిప్పిన మనిషి. ఆవిడ నోటికి జడిసి లారీలవాళ్ళు కూడా దారిచ్చేవారు. కోడలికి బండి నేర్పడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ అడుగడుగునా తలంటుతూనే ఉంది. "క్లచ్చి మీద కాలు పెట్టమన్నాను గానీ నిద్రపొమ్మన్నానా?" వెనకెవడైనా హారన్ కొడితే కిటికీలోంచి సగం మనిషి బయటికొచ్చి, "నువ్వు పుట్టగానే స్టీరింగు పట్టుకున్నావా?" అని దులిపేసేది.

ఇప్పుడు ఆవిడ మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. రేపు కోడలికి లైసెన్సు టెస్టు. పాసైతే వ్యాను కోడలిది. ఈసారి కూడా తప్పితే అమ్మేస్తానని అత్తగారు మొహం మీదే చెప్పేసింది. ఇప్పటికి రెండుసార్లు తప్పింది మరి. బెదిరితే చాలు, స్టీరింగు వదిలేసి రెండు చేతులతో మొహం మూసుకోవడం కోడలికున్న జబ్బు.

ఇవాళ మైదానంలో తిరిగినంతసేపూ తిట్లు బాగానే పడ్డాయి. ఆ తర్వాత ఉన్నట్టుండి అత్తగారు మాట తగ్గించేసింది.

"ఇంటివైపు వద్దు. బజారులోకి పోనీ," అంది.

బజారంటే కోడలికి ప్రాణం మీదికొస్తుంది. ఇన్నాళ్ళూ అత్తగారు అటువైపు రానిచ్చిందే లేదు. నా మీద ఆశ వదిలేసుకుంది, వ్యాను అమ్మేముందు ఆఖరిసారి చూస్తోంది, అనుకుంది.

సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడింది. కంగారులో కోడలు క్లచ్చి వదిలేసింది. బండి ఎగిరిపడి ఆగిపోయింది. చెవులు చిల్లులు పడేలా హారన్లు మోగాయి. మోటారుసైకిలు మీద పోతున్నవాడు వ్యాను రేకు మీద అరచేత్తో ఒక్కటిచ్చి మరీ పోయాడు. తెల్లకారు పక్కనుంచి దూసుకొచ్చి ముందు అడ్డంగా ఆగింది. అందులోంచి ఓ పెద్దమనిషి తీరిగ్గా దిగాడు.

"రోడ్డేమన్నా మీ ఇంటి పెరడా? రానివాళ్ళు బండెందుకు తీశారు? మా టైమంటే లెక్కలేదా?"

కోడలి చేతులు స్టీరింగు మీంచి లేచాయి. అత్తగారు కిటికీ దించుతుంది, ఇక వీడి పని అయిపోయినట్టే, అని ఎదురుచూసింది.

అత్తగారు కిటికీ దించింది గానీ, "తప్పయింది బాబూ. కాస్త దారివ్వు," అంది.

అత్తగారు ఒకరికి తప్పయిందని చెప్పడం కోడలు కాపురానికొచ్చాక వినలేదు. తన మూలంగా ఆవిడ నడిరోడ్డు మీద తల దించుకుంది. ఆ సిగ్గుతో కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. పెద్దమనిషి మాత్రం ఇంకో నాలుగు నీతులు చెప్పిగానీ కారెక్కలేదు.

"నా వల్ల కాదు అత్తయ్యా. మీరు తీసుకోండి."

"నువ్వే పోనివ్వాలి." అత్తగారు కుడిచెయ్యి కోడలి మోచేతి మీద వేసింది. చల్లగా, తడిగా తగిలింది. "నా వైపు చూడకు. బోర్డులు చూడకు. రోడ్డు చూడు. నీకొచ్చు అమ్మాయ్."

నీకొచ్చు అనడం కూడా ఇదే మొదలు.

కోడలు కళ్ళు తుడుచుకుని తాళం తిప్పింది. వెనక ఎవడో హారన్ మీద చెయ్యి తియ్యకుండా గోల చేస్తున్నాడు. ఆటో ఒకటి ముందుకి దూరింది. బ్రేకు వేసిందిగానీ బండి ఆగిపోకుండా చూసుకుంది. ఈసారి స్టీరింగు మాత్రం వదల్లేదు.

"ఎడమకి," అంది అత్తగారు. తిప్పింది. కాసేపటికి, "మళ్ళీ ఎడమకి."

విచిత్రంగా ఆ వీధిలోకి రాగానే హారన్లు ఆగిపోయాయి. వెనక బళ్ళు వరసగా వస్తున్నాయి, ఒక్కడూ హారన్ కొట్టడం లేదు. నేను నిజంగానే బాగా నడుపుతున్నానేమో, అనుకుని కోడలు గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"ఆ గేటులోకి తిప్పు. మెట్ల ముందు ఆపు."

బండి కుదుపు లేకుండా ఆగింది. కోడలు హ్యాండు బ్రేకు లాగి, నవ్వుతూ ఇటు తిరిగింది.

"ఎలా నడిపాను అత్తయ్యా?"

"వ్యాను తాళాలు ఇక నీ దగ్గరే ఉంచుకో అమ్మాయ్," అంది అత్తగారు మాట మాటకీ ఆగుతూ, "లోపలికి పరిగెత్తి స్ట్రెచర్ తెమ్మను... మైదానం దగ్గర పట్టిన గుండెనొప్పి ఇంక ఓర్చుకోలేను."